మోకాళ్ళ మాత్ర

అంబాజీపేట,
ఆదివారం

అమ్మలూ,

ఫోనులో చెబితే కంగారుపడి బస్సెక్కేస్తావని ఉత్తరం రాస్తున్నాను. నాకు బీపీ వచ్చిందమ్మా. మన ఊరి ఏఎన్ఎమ్ నర్సమ్మాయి మూడు రోజులు వరసగా చూసింది. మొదటిరోజు 168/84. తర్వాతా పెద్దగా దిగలేదు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగలేదు. ఏమీ తెలియకుండానే ఇంత పెరిగిందంటే భయమేసింది.

వయసు మీద పడ్డాక రక్తనాళాలు గట్టిపడి పై అంకె పెరుగుతుందని అమలాపురంలో డాక్టరుగారు చెప్పారు. వయసుకి మామూలేగా అని వదిలేస్తే పక్షవాతమే అన్నారు. వెంటనే అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పడిపోయేదాకా బీపీ ఒక్కసారీ ఎవరం చూపించలేదు కదా.

ఏం మందులు వాడుతున్నారని అడిగితే ఏమీ లేవన్నాను. మోకాళ్ళ మాత్రని మందనే అనుకోలేదు నేను! రెండేళ్ళుగా షాపులో అడిగి తెచ్చుకుంటున్న డైక్లోఫెనాక్. సంచిలోంచి తీసి చూపిస్తే వెంటనే మాన్పించేశారు. ఆ రకం నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెట్టి బీపీ పెంచుతాయట, కిడ్నీలనీ పాడుచేస్తాయట. మీ అత్తగారు కూడా నడుంనొప్పికి ఏదో వేసుకుంటారుగా, ఒకసారి పేరు చూడు.

ఇక ఉప్పు. అన్నీ కలిపి రోజుకి 5 గ్రాములు దాటకూడదట, అంటే ఒక్క టీ చెంచా. మనింట్లో ఆవకాయ, ఎండునెత్తళ్ళు, మజ్జిగ మిరపకాయలు, ఆపైన పెరుగన్నంలో మళ్ళీ ఉప్పు. ఇప్పుడు ఆవకాయ వారానికొక్క బద్ద. ముద్ద దిగడం కష్టంగానే ఉంది. కొబ్బరిబొండాలు మాత్రం కిడ్నీ పరీక్ష వచ్చేదాకా ఆగమన్నారు, వాటిలో పొటాషియం ఎక్కువట. కిడ్నీలు బాగుంటే తాగొచ్చట. పొద్దున్నే కాలవ గట్టు మీద నడుస్తున్నాను. మీ నాన్నగారి గురక వల్ల ఆయనకీ బీపీ రావచ్చన్నారు, ఆయన్నీ వచ్చేవారం తీసుకెళ్తాను.

అసలు నీ గురించే రాయాలనుకున్నాను. చంటాడు కడుపులో ఉన్నప్పుడు నీకు బీపీ వచ్చింది. కాన్పయ్యాక తగ్గిపోయిందని మర్చిపోయాం. అలా వచ్చినవాళ్ళకి తర్వాత మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువట. పైగా మన వంశంలో ఉంది. నీకూ 42 వచ్చాయి, నెలసరి ఆగాక ఇంకా జాగ్రత్తగా ఉండాలట. ఈ వారమే చూపించుకో. చూపించే ముందు అరగంట కాఫీ తాగకు. అయిదు నిమిషాలు కుర్చీలో వీపానించి, కాళ్ళు నేలకానించి, మాట్లాడకుండా కూర్చో.

రెండు అంకెలూ రాసి పంపు. బాగానే ఉందిలే అంటే నాకు చాలదు.

మీ అమ్మ