సున్నా ఎక్కడుందో ముందు చూడమను

హనుమకొండ

ప్రియమైన సుధాకర్,

నీ ఉత్తరం అందింది. అమ్మాయి ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నందుకు చాలా సంతోషం. మొదటి నెలలోనే పుస్తకం మూసేసి, "ఇది కెమిస్ట్రీ పుస్తకమా, లెక్కల పుస్తకమా నాన్నా?" అని నిన్ను నిలదీసిందని రాశావు. బ్యాంకు ఉద్యోగివి కనుక లెక్కలంటే నీకు భయం లేదు గానీ, జౌళ్లు, కేలరీలు, కెల్విన్‌లు, అట్మాస్ఫియర్‌లు అన్నీ ఒకే పేజీలో కనబడేసరికి నీకూ తల తిరిగిందని ఒప్పుకున్నావు కాబట్టి, ఇద్దరికీ కలిపే ఈ జవాబు రాస్తున్నాను. తీరిగ్గా చదువు, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

కొలతలు, ప్రమాణాల మార్పిడి, ఉష్ణం, వాయువులు అని పుస్తకంలో వేర్వేరు అధ్యాయాలుగా ఉన్నాయి గానీ, ఇన్నేళ్లుగా పిల్లలకు చెబుతున్న నా దృష్టిలో అదంతా ఒకే పాఠం. సంఖ్య కనబడగానే అది ఏ ప్రమాణంలో ఉందో, ఏ సున్నా నుంచి లెక్కించినదో అడగడమే ఆ పాఠం. మొదటి ప్రశ్న అందరూ నేర్పుతారు. రెండోదాన్ని మా అధ్యాపకులలోనే చాలామంది "ఉష్ణోగ్రతకు 273 కలపండి" అన్న ఒక్క ముక్కతో దాటేస్తారు. వాయువుల దగ్గర పిల్లలు బోల్తా పడేది సరిగ్గా అక్కడే.

ముందు ప్రమాణాల సంగతి చూద్దాం. మీ నెల్లూరు వైపు స్థలం సెంట్లలో చెబుతారు, మా వైపు గుంటల్లో చెబుతారు. (అంకణాల జోలికి నేను పోను, అది ఊరిని బట్టి మారే వ్యవహారం.) ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. గుంటకు 121 చదరపు గజాలు, సెంటుకు 48.4 చదరపు గజాలు. ఇప్పుడు నేను 3 గుంటల స్థలం ఉందంటే నువ్వు దాన్ని సెంట్లలోకి మార్చాలి. గుణించాలా, భాగించాలా అని ఆలోచిస్తూ కూర్చునే పిల్లలే ఎక్కువ. అమ్మాయిని అలా ఆలోచించవద్దను. 3 గుంటలు అని ప్రమాణంతో సహా రాసి, దాని పక్కన "1 గుంటకు 121 గజాలు" అన్నదాన్ని భిన్నంగా రాయమను. పైన గుంట, కింద గుంట కొట్టేస్తే 363 గజాలు మిగులుతాయి. దాని పక్కన "48.4 గజాలకు 1 సెంటు" అన్న భిన్నం పెడితే గజాలు కొట్టుకుపోయి 7.5 సెంట్లు వస్తుంది. భిన్నాన్ని తలకిందులుగా రాస్తే గజాలు పోవు, గజాల వర్గాలు పుట్టుకొస్తాయి, తప్పు కాగితం మీదే కనబడిపోతుంది. గ్రాములను మోల్‌లలోకి (మోల్ అంటే కణాల సంఖ్యను చెప్పే ప్రమాణం), మోల్‌లను లీటర్లలోకి మార్చడం కూడా ఇదే పని. పిల్లలు జవాబు చివర మాత్రమే ప్రమాణం తగిలిస్తారు. మధ్య వరుసలన్నిటిలోనూ రాయాలని నేను మొండిగా పట్టుబడతాను, అందుకు మా విద్యార్థులు నన్ను తిట్టుకుంటారని కూడా నాకు తెలుసు.

ఆ మొండితనానికి కారణం అడిగిన వాళ్లకు నేను ఒక విమానం లెక్క బోర్డు మీద చేసి చూపిస్తాను. 1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుంచి ఒటావా మీదుగా ఎడ్మంటన్ వెళ్లాలి. కెనడా అప్పుడప్పుడే మెట్రిక్ పద్ధతికి మారుతోంది, ఆ విమానం కూడా కిలోగ్రాముల్లో లెక్కించే కొత్త రకం. ఇంధనం చూపించే మీటర్లు పనిచేయకపోవడంతో ట్యాంకుల్లో ఎంత ఉందో కొలకర్రలతో చూశారు, 7,682 లీటర్లని తేలింది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోగ్రాములు. లీటర్లను బరువులోకి మార్చడానికి సాంద్రత కావాలి. లెక్క కట్టినవారు వాడిన సంఖ్య 1.77. అది లీటరుకు పౌండ్లలో చెప్పిన సాంద్రత. కిలోగ్రాముల్లో అయితే 0.803 వాడాలి. 7,682ను 1.77తో గుణిస్తే 13,597 వచ్చింది, దాన్ని కిలోగ్రాములనుకున్నారు. తక్కువపడ్డ 8,703ను మళ్లీ అదే 1.77తో భాగించి 4,917 లీటర్లు పోయించారు. అమ్మాయిని 0.803తో లెక్క మళ్లీ చేయమను. ట్యాంకుల్లో ముందున్నది 6,169 కిలోగ్రాములే, పోయించవలసింది 20,088 లీటర్లు. కావలసినదానిలో సగం కూడా లేని ఇంధనంతో ఎగిరిన ఆ విమానానికి 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోవడం మొదలై, కాసేపటికి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపిన అనుభవం ఉండబట్టి, దాన్ని ఇంజన్లు లేకుండానే తేలించుకుంటూ వచ్చి గిమ్లీ అనే ఊళ్లో ఒకప్పటి వైమానిక దళపు రన్‌వే మీద దించగలిగాడు. లోపలున్న 69 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ కాగితం మీద 1.77 పక్కన "లీటరుకు పౌండ్లు" అని రాసి ఉంటే, కిలోగ్రాముల్లోంచి పౌండ్లను తీసివేయబోతున్న సంగతి తర్వాతి వరుసలోనే బయటపడేది.

కొలతల్లో సార్థక అంకెల సంగతి, అంటే నిజంగా కొలిచిన అంకెలెన్నో, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. ల్యాబులో బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచే గీతల గాజు గొట్టం) మీద అతి చిన్న గీత 0.1 మిల్లీలీటరు. ద్రవం పుటాకారపు అడుగుభాగాన్ని కంటికి సమంగా పెట్టుకుని చదివి 24.3 అని రాసిన పిల్ల, చివరికి క్యాలిక్యులేటర్ చూపించిందని గాఢతను ఎనిమిది అంకెలతో రాస్తే, తాను కొలవని దాన్ని కొలిచానని చెప్పినట్టే. ఇది కాస్త అలవాటైతే చాలు.

ఉష్ణానికి వస్తే, మీ ఇంట్లో గీజర్ దగ్గర నిలబెట్టి చెప్పవచ్చు. 15 లీటర్ల గీజర్‌లో నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కాలి. 15 లీటర్లంటే 15,000 గ్రాములు. ఒక గ్రాము నీటిని ఒక సెల్సియస్ డిగ్రీ వేడి చేయడానికి 4.184 జౌళ్లు కావాలి, అదే నీటి విశిష్టోష్ణం, పాత ప్రమాణంలో ఒక కేలరీ. తేడా 35 డిగ్రీలు. మూడింటినీ గుణిస్తే 21,96,600 జౌళ్లు. నువ్వు నెలనెలా బిల్లు కట్టే కరెంటు యూనిట్ అంటే కిలోవాట్ అవర్, అంటే 36 లక్షల జౌళ్లు. కాబట్టి ఒక గీజర్ నిండా నీళ్లు కాగడానికి 0.61 యూనిట్, రెండు కిలోవాట్ల గీజర్ అయితే సుమారు 18 నిమిషాలు, గోడల గుండా పోయే వేడికి మరికాస్త. ఇందులో ఎక్కడా 273 కలపనవసరం లేదు. కెల్విన్‌లలో రాసినా 298 నుంచి 333కు తేడా 35 మాత్రమే. ఉష్ణం అడిగేది తేడాను. సున్నా ఎక్కడ పెట్టుకున్నా తేడా మారదు.

ఫారన్‌హీట్‌లో మాత్రం ఒక గొయ్యి ఉంది. అవే నీళ్లు 77 నుంచి 140కి వేడెక్కాయి అంటే తేడా 63. దీన్ని సెల్సియస్‌లోకి మార్చమంటే పిల్లలు కంఠతా పట్టిన సూత్రం ప్రకారం ముందు 32 తీసేసి 17.2 అని రాస్తారు. ఆ 32 రెండు కొలమానాల సున్నాల మధ్య దూరం. తేడా తీసుకున్నప్పుడే సున్నా వెళ్లిపోయింది, మళ్లీ 32 ఎక్కడిది? 63ను 5/9తో గుణిస్తే చాలు, 35 వస్తుంది. జ్వరం 102 అంటే 32 తీసేసి, 5/9తో గుణించి 38.9 అనాలి. జ్వరం 1.8 డిగ్రీలు తగ్గిందంటే మాత్రం సెల్సియస్‌లో ఒక డిగ్రీ తగ్గినట్టు. ఈ రెండిటికీ తేడా తెలిసిన పిల్లకు ఉష్ణోగ్రతల గురించి ఇక చెప్పవలసింది పెద్దగా లేదు.

గుప్తోష్ణం కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ ఉష్ణోగ్రతలో తేడా అసలు ఉండదు, అయినా వేడి కావాలి. 100 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,257 జౌళ్లు పడుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరి తగిలితే చర్మం మీద ఒక్కో గ్రామూ నీరుగా మారుతూ ఆ 2,257నూ వదులుతుంది. అదే మరిగే నీరు ఒక గ్రాము మన ఒంటి వేడికి చల్లబడితే ఇచ్చేది 264 జౌళ్లు మాత్రమే.

ఇప్పుడు వాయువులు. ఇక్కడ తేడాలతో పని జరగదు, అసలు సున్నా నుంచి ఎంత ఎత్తులో ఉన్నామో కావాలి. ఆ సున్నా ఎలా దొరికిందో చెబితే అమ్మాయికి నచ్చుతుంది. పారిస్‌లో జాక్ చార్లెస్ 1783 ఆగస్టు 27న హైడ్రోజన్ నింపిన బెలూన్‌ను ఎగరేశాడు. అది గోనెస్ అనే పల్లెలో దిగితే, అక్కడి రైతులు ఏదో పిశాచం దిగిందని బెదిరి పంగల కర్రలతో పొడిచి చీల్చేశారు. అదే చార్లెస్ వాయువులు వేడికి ఎలా వ్యాకోచిస్తాయో గమనించాడు గానీ ప్రచురించలేదు. 1802లో గేలుసాక్ ప్రచురించినప్పుడు ఆయన పేరు చెప్పాడు, నియమం ఆయన పేరుమీదే నిలిచింది. పీడనం మారకుండా ఉంచితే, సున్నా సెల్సియస్ వద్ద ఉన్న ఘనపరిమాణంలో సుమారు 273వ వంతు చొప్పున ఒక్కో డిగ్రీకీ వాయువు తగ్గుతుంది. ఆ గీతను అలాగే కిందికి పొడిగిస్తే మైనస్ 273 దగ్గర ఘనపరిమాణం సున్నాను తాకుతుంది. నిజమైన వాయువు ఏదీ అక్కడిదాకా వాయువుగా ఉండదు, ముందే ద్రవమైపోతుంది. అయినా అన్ని వాయువుల గీతలూ ఒక్కచోటికే గురిపెడతాయి. 1848లో కెల్విన్ ప్రతిపాదించిన పరమ ఉష్ణోగ్రతకు సున్నా అదే. సెల్సియస్‌లోని సున్నా నీళ్లు గడ్డకట్టే చోటు మాత్రమే, వాయువుకు దానితో ఏ సంబంధమూ లేదు.

సున్నా తిప్పలు పీడనంలోనూ ఉన్నాయని పుస్తకాలు అంతగా చెప్పవు. పెట్రోల్ బంకులో నువ్వు కారు టైర్లలో గాలి 33 పెట్టమంటావు కదా. ఆ మీటరు సున్నా చూపించేది టైరు ఖాళీ అయినప్పుడు కాదు, లోపలి గాలి బయటి గాలితో సమానమైనప్పుడు. బయటి వాతావరణ పీడనం 14.7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, ఆ 33 కూడా అందులోదే) కాబట్టి టైరులో అసలు పీడనం 47.7. పొద్దున 27 డిగ్రీల దగ్గర గాలి పెట్టించి, మే నెలలో హైవే ఎక్కితే టైరులోని గాలి 57 డిగ్రీలకు వేడెక్కిందనుకో. టైరు పెద్దగా సాగదు కనుక ఘనపరిమాణం స్థిరం. 300 కెల్విన్‌ల నుంచి 330కి, అంటే పదో వంతు పెరిగింది. 47.7కు పదో వంతు కలిపితే 52.5, అందులోంచి 14.7 తీసేస్తే మీటరు సుమారు 38 చూపించాలి. కెల్విన్ మరచి 33ను 57తో గుణించి 27తో భాగిస్తే 69.7 వస్తుంది. ఆ టైరు పేలవలసిందే! కెల్విన్ గుర్తుంచుకుని వాతావరణ పీడనం కలపడం మరచిన వాళ్లకు 36.3 వస్తుంది. ఈ రెండోది ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే చూడటానికి నమ్మేటట్టు ఉంటుంది. వేడెక్కిన టైరులో మీటరు ఎక్కువ చూపించిందని గాలి తీయించకు. 33 అన్నది చల్లగా ఉన్న టైరుకు చెప్పిన లెక్క.

పీడనం, ఘనపరిమాణం, మోల్‌లు, ఉష్ణోగ్రత నాలుగింటినీ కలిపే ఆదర్శ వాయు సమీకరణాన్ని (PV = nRT) ఎక్కడ వాడకూడదో చూపే ఉదాహరణ కూడా ఇంట్లోనే ఉంది. 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండర్‌లో సగం వాడాక పీడనం సగమవుతుందని అమ్మాయి అనుకుంటుంది. కాదు. లోపల ఉన్నది చాలామట్టుకు ద్రవం. దాని పైనుండే ఆవిరి వాడుతున్నకొద్దీ ద్రవం మరికొంత ఆవిరై ఆ చోటు నింపుతుంది కాబట్టి, ద్రవం మిగిలినంతసేపూ పీడనం దాదాపు అలాగే ఉంటుంది, పొయ్యి మంటా తగ్గదు. గ్యాస్ చెప్పాపెట్టకుండా అయిపోయినట్టు అనిపించేది అందుకే. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేసి, సిలిండర్ మీద రాసిన ఖాళీ బరువు తీసేయడమే దారి. ఆ ఆవిరి కావడానికి కావలసిన గుప్తోష్ణాన్ని ద్రవం సిలిండర్ గోడల నుంచే లాక్కుంటుంది. ఎడతెరిపి లేకుండా పొయ్యి వెలిగే హోటళ్లలో పెద్ద సిలిండర్ల అడుగున మంచు పట్టేది ఈ కారణంగానే. వంటమనుషులు దాన్ని నీళ్ల తొట్టిలో పెట్టడం మనం చూసిందే.

ఇక పరీక్షల్లో తికమక పెట్టేవి రెండున్నాయి. ఆ సమీకరణంలోని R, అంటే వాయు స్థిరాంకం, ఒకచోట 0.0821 అని, మరోచోట 8.314 అని ఉంటుంది. రెండూ ఒకటే. మొదటిది లీటరు అట్మాస్ఫియర్‌లలో, రెండోది జౌళ్లలో. ఒక లీటరు అట్మాస్ఫియర్ అంటే 101.3 జౌళ్లు, గుణించి చూసుకోమను. అలాగే మోల్ వాయువు ఘనపరిమాణం పాత పుస్తకాల్లో 22.4 లీటర్లు, కొత్తవాటిలో 22.7. ఎవరూ తప్పు రాయలేదు. ప్రామాణిక పీడనాన్ని 1982లో ఒక అట్మాస్ఫియర్ నుంచి ఒక బార్‌కు మార్చారు, పీడనం కాస్త తగ్గింది కనుక ఘనపరిమాణం కాస్త పెరిగింది. ప్రశ్నలో ఏ పీడనం ఇచ్చారో చదివి, దానికి తగినది వాడాలి.

అమ్మాయి టైరు లెక్కను రాత్రి పూట చలికి, అంటే 12 డిగ్రీలకు, చేసి మధ్య వరుసలతో సహా నాకు ఫొటో పంపాలి. మీటరు 31కి కాస్త దిగువన చూపించాలి. ప్రమాణాలు లేని వరుస కనబడితే దిద్దకుండా తిప్పి పంపుతానని ముందే చెప్పు. వదినగారికి నమస్కారాలు చెప్పు. దసరా సెలవులకు ఇటు వస్తే ముగ్గురూ రండి.

నీ
రఘు