12 మీటర్లంటే ఎక్కడి నుంచి?

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

హైదరాబాద్ నుంచి ఒక వీడియోగ్రాఫర్ నమస్కారాలు. ఢిల్లీలో ఆ శాఖ చూసేది తెలుగువారు కాబట్టి లేఖ తెలుగులోనే రాస్తున్నాను.

పెళ్లి ముహూర్తాలు లేని నెలల్లో నాకు అన్నం పెట్టేవి కన్‌స్ట్రక్షన్ సైట్లు. నెలనెలా ఒకే దారిలో డ్రోన్ ఎగరేసి, టవర్ ఎంత లేచిందో వీడియో తీసివ్వాలి. అందుకు వేపాయింట్లు, అంటే డ్రోన్ వరుసగా దాటాల్సిన గుర్తులు, పెట్టుకుంటాం. దారి ఒకసారి సేవ్ చేస్తే ఆ తర్వాత బటన్ నొక్కడమే.

పుప్పాలగూడ వైపు ఒక సైట్‌లో మొదటి నెల ఐదో స్లాబ్ మీద నుంచి లేపి, 12 మీటర్ల ఎత్తులో దారి సేవ్ చేశాను. మరుసటి నెల పైన ఇనుము కడుతున్నారని మేస్త్రి ఎక్కనివ్వలేదు. సరే అని గేటు దగ్గరే లేపాను. స్క్రీన్ మీద అదే 12 మీటర్లు. కానీ డ్రోన్‌కు ఎత్తంటే అది లేచిన చోటి నుంచి ఎత్తు. దారి మొత్తం ఐదంతస్తులు కిందికి జారిపోయింది. స్లాబ్ మీదుగా పోవాల్సింది నేరుగా బిల్డింగ్ పక్కకు వెళ్లి, పరంజాకు కట్టిన పచ్చ వలలో చిక్కుకుని కింద పడింది. ముందు వైపు అడ్డంకులు పసిగట్టే సెన్సర్లు లేవా అంటే ఉన్నాయి. అవీ కెమెరాలే, సన్నటి వల, కరెంటు తీగ, అద్దం వాటికి సరిగా ఆనవు. కూలీలు అన్నానికి వెళ్లిన టైం కాబట్టి బతికిపోయాం.

తప్పు నాదే. అయితే దారి సేవ్ చేసిన చోటు వేరు, ఇప్పుడు లేచే చోటు వేరు అని యాప్ ఒక్క మాట అనలేదు. ఆ రెండు చోట్లూ దానికి తెలుసు!

మీ 2021 డ్రోన్ నిబంధనలు గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 400 అడుగుల (120 మీటర్ల) దాకా ఎగరనిస్తాయి. ఆ లెక్క కింది నేల నుంచి. మా యంత్రం లెక్క లేచిన చోటి నుంచి. ఇది గుట్టల ఊరు సార్. జూబ్లీహిల్స్ మిట్ట మీద లేపి పల్లం వైపు పంపితే, స్క్రీన్ మీద 120 మీటర్లు దాటకుండానే నిబంధన దాటిపోతాం. కొన్ని యాప్‌లు మ్యాప్ చూసి నేల ఎత్తు సరిచేసుకుంటాయి గానీ, నిన్న లేచిన క్రేన్ ఏ మ్యాప్‌లో ఉంటుంది?

ముందుముందు తప్పనిసరి చేయగల భద్రతా ఫీచర్లని ఆ నిబంధనల్లోనే రాశారు: అనుమతి లేనిదే లేవకపోవడం, ట్రాకింగ్, జియోఫెన్సింగ్ (గీసిన హద్దు దాటకుండా ఆపడం). ఎక్కడ ఎగురుతోందన్నదే వాటి గొడవంతా. తనంతట తాను పోయే డ్రోన్ దేన్ని నమ్ముకుని పోతోందన్న ఊసు అక్కడ లేదు.

డ్రోన్ మోడళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడానికి 2022 జనవరిలో తెచ్చిన సర్టిఫికేషన్ స్కీమ్‌లో ఒక్క షరతు చేర్చండి: సేవ్ చేసిన దారికి లేచే చోటు మారితే, పైలట్ ఎత్తు సరిచూసి ఒప్పుకునే దాకా మోటార్లు తిరగకూడదు. రిమోట్ సిగ్నల్ పోతే దారి కొనసాగించాలా, ఆగాలా అన్నదీ అప్పుడే అడగాలి. అదే ఏడాది ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపారు కాబట్టి, మార్చమంటే వినాల్సిన తయారీదారులు మన దేశంలోనే ఉన్నారు. పైలట్ శిక్షణలో కూడా ఈ పాఠం పెట్టండి. నాకు వల నేర్పింది.

ఇట్లు,
ఒక వీడియోగ్రాఫర్,
మణికొండ, హైదరాబాద్