సీసానికి పట్టిన తెల్ల పొడి

ఒరేయ్ బంగారం,

రెండు నెలలుగా ఒక్క ముక్క రాయలేదు, క్షమించరా. ఇక్కడందరం బాగున్నాం, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, చిన్నది స్కూలుకి వెళ్తోంది. ముందు శనివారం సంగతి విను.

పెన్సిల్వేనియాలో మా పక్కింటి పెద్దాయన గురించి చెప్పాను కదా. సీసం కరిగించి గుండ్లు పోసి, తూటాలు తనే తయారు చేసుకుని, క్లబ్బులో గురి చూసి కాలుస్తుంటాడు. శనివారం పిలిచి గ్యారేజీలో ఓక్ చెక్క పెట్టె తెరిచాడు. పోయినేడాది పోసిన గుండ్లు, ఒక్కోటీ 15 గ్రాములుంటుంది. అన్నిటికీ విభూతి రాసినట్టు తెల్లటి పొడి! "పూసిన మైనం పైకి తేలిందిలే" అంటూ నోటితో ఊదబోయాడు. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

మైనమైతే వేడికి కరగాలి కదా. ఒక గుండుని జిప్ కవర్లో పెట్టి వేడినీళ్ళలో ముంచాం. ఐదు నిమిషాలైనా తెలుపు తెలుపుగానే ఉంది. నాకప్పుడు కాలేజీ ల్యాబులో మన సాల్ట్ అనాలిసిస్ గుర్తొచ్చిందిరా! లెడ్ కార్బొనేట్, అంటే సీసం మీద పుట్టే విషపు తెల్ల పొడి. మీ తాతగారు తలుపుల రంగులో కలిపిన సీసపు సఫేదా ఉందే, దాదాపు అదే. పూర్వం సీసపు రేకుల్ని వెనిగర్ కుండల్లో పెట్టి, పేడలో నెలల తరబడి పూడ్చి దాన్ని చేసేవాళ్ళు. ఓక్ చెక్క కూడా ఆ వెనిగర్ ఆమ్లాన్నే ఆవిరిగా వదులుతుంది. దానికి గ్యారేజీ చెమ్మ తోడైంది. ఖరీదైన పెట్టె అని ఆయన ముచ్చటపడి కొన్నాడు పాపం.

గ్లోవ్స్ వేసుకుని, పొడి లేవకుండా నూనె గుడ్డతో తుడిచాం. పొరలు లేచినవి, గుంటలు పడ్డవి పక్కన పెట్టేశాం. తుడిచినవి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాం. అంతా అయ్యాక ఆయన చేతులు కడుక్కుంటూ నెమ్మదిగా, "మనవడు ఈ పెట్టెతోనే ఆడుకుంటాడు" అన్నాడు.

మూడేళ్ళ పిల్లాడురా. ఆ మాటకి నా కాళ్ళు చల్లబడ్డాయి. ఈ దేశంలో 1978లోనే ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం నిషేధించారు, పిల్లల కోసమే. సోమవారం రక్తపరీక్ష చేయించారు. పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్త పడాలట. రిపోర్టు ఇంకా రాలేదు. టెన్షన్‌తో రెండు రాత్రులుగా నిద్ర లేదు. నువ్వుంటే బాగుండేది, ల్యాబులో నీ చేతి మీద...

అయ్యో, బస్సు టైమైంది. రిపోర్టు రాగానే రాస్తా.

నీ
గోధుమరంగు పొగ