డౌన్‌లోడ్ అమ్మి సీడీ అడుగుతున్నారు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: విండోస్ 11లో నడుస్తుందని అమ్మిన పాత గేమ్ తెరుచుకోకపోవడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

జతచేసిన బిల్లులో ఉన్న రేసింగ్ గేమ్‌ను మీ స్టోర్‌లో కొన్నాను. విండోస్ 10, 11లలో ఆడుకోవచ్చని మీ పేజీలో రాసి ఉంది. ఆ స్క్రీన్‌షాట్ కూడా పంపుతున్నాను, ఎందుకంటే నేను ఫిర్యాదు చేశాక ఆ పేజీలోంచి 11 మాయమైంది.

ఇన్‌స్టాల్ బాగానే అయింది. ఐకాన్ నొక్కితే మాత్రం సీడీ పెట్టమంటోంది. డౌన్‌లోడ్ అమ్మి సీడీ అడిగితే ఎక్కడి నుంచి తేవాలి? నిజానికి ఒరిజినల్ సీడీ నా బీరువాలోనే ఉంది. ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవ్ లేదనే కదా అదే గేమ్‌కు మళ్లీ డబ్బు కట్టాను! స్నేహితుడి ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెచ్చి ఆ సీడీ పెట్టి చూశాను, అయినా తెరుచుకోలేదు.

కారణం మీ ఫైల్స్‌లోనే ఉంది. అసలు సీడీ ఉందో లేదో చూసే సేఫ్‌డిస్క్ అనే పాత కాపీ ప్రొటెక్షన్‌ను తీయకుండా అలాగే అమ్మారు. అది పనిచేయాలంటే విండోస్‌లో దాని డ్రైవర్ (దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్) ఉండాలి. భద్రతకు ముప్పని మైక్రోసాఫ్ట్ విండోస్ 10 నుంచి దాన్ని అనుమతించడం లేదు. 2015 సెప్టెంబరు అప్‌డేట్‌తో విండోస్ 7, 8లలో కూడా ఆపేసింది. మీ సపోర్ట్ వాళ్లేమో పాత విండోస్ ఎక్స్‌పీలో ఉన్నట్టు నడిపే కంపాటిబిలిటీ మోడ్ పెట్టమంటారు, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయమంటారు. అసలు లేని డ్రైవర్ దాంతో ఎలా వస్తుంది?

ఆ తర్వాత వచ్చిన జవాబు ఇంకా ఘోరం. ‘నో-సీడీ ఫైల్ నెట్‌లో దొరుకుతుంది, వేసుకోండి’ అన్నారు. అంటే సీడీ అడగకుండా ఎవరో మార్చిన ఫైల్. ఆ మెయిల్ కూడా జతచేశాను. పైరసీ వద్దని డబ్బు కట్టినవాణ్ని మీరే పైరసీ సైట్లకు పంపుతారా? అక్కడి ఫైల్‌తో వైరస్ వస్తే బాధ్యత ఎవరిది?

మీకు చేతకాదని కాదు. మీ దగ్గరే కొన్న 1990ల నాటి డాస్ గేమ్‌లు, వాటిని కొత్త విండోస్‌లో నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌తో కలిపి వచ్చాయి, ఈ ల్యాప్‌టాప్‌లోనే హాయిగా నడుస్తున్నాయి. వాటికి తీసుకున్న శ్రద్ధ దీనికి లేదు. అమ్మే ముందు విండోస్ 11లో ఒక్కసారి తెరిచి చూసినా సంగతి తెలిసేది.

డౌన్‌లోడ్ చేసుకున్నాక రీఫండ్ కుదరదని రాశారు. డౌన్‌లోడ్ చేయకుండా నడవదని ఎలా తెలుస్తుంది? 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే విజయవాడలోనే కేసు వేయొచ్చని కూడా గమనించగలరు.

ప్రొటెక్షన్ తీసేసిన ఫైల్‌ను మీరే ఇస్తే సంతోషం. కుదరకపోతే పూర్తి సొమ్ము వాపసు చేయండి. స్టోర్ వాలెట్‌లో వేయొద్దు, నేను కట్టిన బ్యాంకు ఖాతాకే పంపండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
విజయవాడ.

జతచేసినవి: బిల్లు, స్క్రీన్‌షాట్, సపోర్ట్ వాళ్ల మెయిల్స్.