మా నాన్న బొటనవేలు దక్కించిన మీ అందరికీ

నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చారు. గడ్డి కోసే మిషనులో తెగిపోయిన ఎడమచేతి బొటనవేలు దాని చోట అది ఉంది, కొద్దికొద్దిగా వంగుతోంది కూడా. ఎలా ఉన్నారని అడుగుతున్న వారందరికీ ముందు ఈ కబురు. నిజానికి ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చేతులు పట్టుకుని చెప్పాల్సిన మాట ఇది. కానీ సాయం చేసిన వారిలో కొందరి పేర్లు కూడా మాకు తెలియవు. అందుకే నలుగురూ చూసే చోట రాస్తున్నాను. రాసింది నాన్నకు చదివి వినిపించాను. "ఇందులో దాచడానికేముంది, జరిగింది జరిగినట్టు రాయమ్మా" అన్నారు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, వజ్రపుకొత్తూరు మండలం. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు తాతల నాటి మా జీడిమామిడి చెట్లు చాలావరకు వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ పాత చెట్ల కింద ఎండ పొడ పడేది కాదు, గడ్డి మొలిచేది కాదు. తర్వాత వేసిన అంటుమొక్కల కొమ్మలు ఇంకా ఒకదానితో ఒకటి కలవలేదు. ఎండ పడిన మేరా గడ్డి, వయ్యారిభామ, తీగలు. జీడిపిక్కలు రాలే వేళకు చెట్టు అడుగు శుభ్రంగా లేకపోతే రాలిన పిక్క కంటికి ఆనదు. మా వైపు పని చేయగల వయసు వాళ్లలో చాలామంది వలస పోయారు. అలా మా ఇంటికి గడ్డి కోసే మిషను వచ్చింది. నాన్నకు అదంటే ముద్దు. మనవళ్లనైనా ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఈ మధ్య అది మాట వినడం మానేసింది. రేజు, అంటే యాక్సిలరేటరు, వదిలేస్తే ఇంజను నడుస్తున్నా బ్లేడు నిలిచిపోవాలి. నిలవడం లేదు, నిదానంగా తిరుగుతూనే ఉంది. "మిషను ఏదోలా ఉందే" అని అమ్మతో రెండు మూడుసార్లు అన్నారట కూడా. కాశీబుగ్గ మెకానిక్ దగ్గరకు తీసుకెళ్తే ఒక పూట పోతుంది, పూత మొదలవుతోంది, ఇంకో నాలుగు వరసలే కదా అని సాగదీశారు. గడ్డి ఇరుక్కుంటోందని బ్లేడు దగ్గరుండే గార్డును ఎప్పుడో విప్పి పశువుల శాలలో పడేశారు.

ఆ రోజు తిప్పతీగ బ్లేడుకు చుట్టుకుంది. బ్లేడు బిగుసుకుపోయింది, ఇంజను నడుస్తోంది. తర్వాతి మాట నాన్నదే: "తీగ లాగుదామని చెయ్యి పెట్టబోతే చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది. గట్టు మీద కుర్రాడు చూస్తున్నాడు. ఈ మాత్రం దానికే భయపడ్డానని అనుకుంటాడేమోనని సిగ్గేసింది. మళ్లీ పెట్టాను." తీగ తెగింది, బ్లేడు తిరిగింది.

ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి గానీ గడప దాటని ఇల్లు మాది. అందులో అందరికంటే పట్టింపు నాన్నకే. ఎవరి తుమ్ముకో ఆగే మనిషి, సొంత చెయ్యి వెనక్కి లాగితే ఆగలేదు. నేను దీన్ని శకునం అనడం లేదు. ఏళ్ల తరబడి తోటలో తిరిగిన మనిషికి చెవీ చెయ్యీ బుర్ర కంటే ముందు లెక్క కడతాయి. తేడా ఏమిటో చెప్పలేకపోవచ్చు, తేడా ఉందని మాత్రం వాటికి తెలుస్తుంది. నాన్నను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ రోజు ఆయన చుట్టూ చేరినవాళ్లు ఒక్కొక్కరూ తమ మనసు అన్నదాన్ని విన్నారు. వేలు దక్కింది అందువల్లే.

పక్క తోట పిన్నీ, మొదటి దండం నీకు. మిషను శబ్దం ఆగిపోయి ఉంటే నువ్వు పట్టించుకునేదానివి కాదని చెప్పావు. ఆగలేదు. పని చేస్తున్నప్పుడు ఉండే హెచ్చుతగ్గులు లేకుండా ఒకే తీరున గొణుగుతూ ఉండిపోయింది. చేతిలో మనిషి లేని మిషను శబ్దం అది అనిపించి, కొడవలి అక్కడే వదిలేసి కంచె దాటి వచ్చావు. తువ్వాలు మడతపెట్టి గాయం మీద అదిమి, ఆ చేతిని నీ భుజం ఎత్తున పట్టుకుని కూర్చున్నావు. "ఒకసారి తీసి చూడు, ఎంత తెగిందో" అని చుట్టూ చేరినవాళ్లు ఎంత పోరినా తీయలేదు. అలా వదలకుండా నొక్కి ఉంచడం వల్లే రక్తం నిలబడిందని అంబులెన్సులో వచ్చిన అబ్బాయి చెప్పాడు. నీ తువ్వాలు మళ్లీ పనికిరాదు. కొత్తది కొనిస్తే తీసుకోనంటున్నావు, ఆ గొడవ మనం మనం తేల్చుకుందాం.

గట్టు మీది కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు. వాడు ముందు మిషను ఆపాడు, తర్వాత 108కు ఫోన్ చేశాడు. ఆ తర్వాత గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని వేలు వెతకడం మొదలుపెట్టాడు. "తెగిన వేలు ఏం చేసుకుంటాంరా, ముందు మనిషిని చూడు" అని పెద్దవాళ్లు కసిరారు. లేవలేదు. ఎండుటాకుల కింద దొరికింది. ఎందుకు వెతికావని తర్వాత అడిగాను. "అక్కడ వదిలేసి రావడానికి మనసొప్పలేదక్కా" అన్నాడు. తిరిగి అతికించవచ్చన్న సంగతి వాడికి అప్పటికి తెలియదు.

తెలిసిన మనిషి మా ఊరి ఆశా కార్యకర్త. ఆమె వచ్చేసరికి ఒకరు పసుపు డబ్బాతో, ఇంకొకరు కాఫీ పొడితో సిద్ధంగా ఉన్నారట. ఇద్దరినీ దూరంగా నిలబెట్టారు. వేలిని మంచినీళ్లతో పైపైన కడిగి, ఉతికిన గుడ్డను తడిపి పిండి అందులో చుట్టారు. దాన్ని పాలిథిన్ కవరులో పెట్టి మూతి ముడేశారు. ఇక ఐసు కావాలి. సరిగ్గా అప్పుడు నువ్వలరేవు వైపు నుంచి చేపలు తెచ్చి అమ్మే తమ్ముడు మోపెడ్ మీద వస్తున్నాడు. సంగతి విన్నాడు, బేరం మధ్యలో వదిలేసి థర్మాకోల్ పెట్టె కిందకు దించాడు. పైనున్న చేపలు గట్టు మీద పోసి అడుగున ఉన్న ఐసంతా ఇచ్చేశాడు. ఎవరో ఆ వేలిని నేరుగా ఐసులో వేయబోతే ఆశా కార్యకర్త చెయ్యి పట్టుకుని ఆపారు. ఐసు నేరుగా తగిలితే కండ గడ్డకట్టి చచ్చిపోతుందట, నీళ్లలో వేస్తే నానిపోతుందట. అందుకే కవరులో కవరు. ఇది మీలో ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోండి. తోటల్లో, జీడి పరిశ్రమల్లో, కొబ్బరి పీచు మిల్లుల్లో మన చేతులెప్పుడూ ఏదో ఒక మిషను పక్కనే ఉంటాయి. తమ్ముడూ, ఆ పూట నీ చేపలు ఎండలో పాడైపోయాయని తర్వాత తెలిసింది. డబ్బిస్తే తీసుకోలేదు. అమ్మ మాత్రం ఇక మీదట చేపలు నీ దగ్గర తప్ప ఎక్కడా కొననని ఒట్టు వేసింది, అది నీకు లాభమో నష్టమో నాకు తెలియదు, ఆమె బేరం నీకు తెలుసు కదా.

108 సిబ్బందికి నమస్కారాలు. ఆ కవరు మీద వేలు తెగిన సమయం పెన్నుతో రాసి పెట్టింది వాళ్లే. విశాఖలో డాక్టర్లు మొదట అడిగింది ఆ సమయమే.

పలాసలో మొదట చూసిన డ్యూటీ డాక్టరు గారికి కూడా. మొండి వేలికి నాలుగు కుట్లు వేసి ఇంటికి పంపడం ఆయనకు పావుగంట పని. చాలాచోట్ల అదే జరుగుతుంది. ఆయన కవరు విప్పి చూసి, కాసేపు మాట్లాడకుండా నిలబడి, విశాఖలో రక్తనాళాలు కుట్టే సర్జన్‌కు తానే ఫోన్ చేశారు. చేత్తో చేసే పనిలో దాదాపు సగం బొటనవేలిదేనని, మరే వేలైనా ఆలోచించేవాడినేమో గానీ దీన్ని వదలబుద్ధి కాలేదని అన్నారు. అక్కడే ఒక నర్సమ్మ ఉన్నారు. నొప్పికి ఇంజెక్షను తీసుకుని దగ్గరకు వచ్చి, ఏ ఊరని అడిగి, ఉద్దానం అనగానే సూది పక్కన పెట్టేశారట. కిడ్నీలు ఎలా ఉన్నాయి, క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నారు అని అడిగి, డాక్టరుతో మాట్లాడి మందు మార్పించారు. కొన్ని నొప్పి మందులు కిడ్నీలకు చేటు. మా వైపు ఎన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బు ఉందో తెలిసిన మనిషికి తప్ప ఆ క్షణంలో ఆ ప్రశ్న తట్టదు.

పలాస నుంచి విశాఖ దాదాపు రెండు వందల కిలోమీటర్లు. నేను ఉండేది విజయనగరంలో. నాతవలస కూడలి దగ్గర అంబులెన్సు ఎక్కాను. డ్రైవరు గారు నా కోసం బండి ఆపింది కొన్ని సెకన్లే. నాన్న నన్ను చూసి అన్న మొదటి మాట, "మిషను లోపల పెట్టించమని అమ్మకు చెప్పు, మంచుకు తడిసిపోతుంది."

ఆపరేషను తెల్లవారేదాకా సాగింది. ఎముకకు సన్నని పిన్నులు గుచ్చి నిలబెట్టి, స్నాయువులు కలిపి, మైక్రోస్కోపు కింద రక్తనాళాలు, నరాలు కుట్టారు. సర్జన్ గారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు. చుట్ట తాగితే రక్తనాళాలు బిగుసుకుపోతాయని, మానేయమని ఆయన నాన్నకు చెప్పారు. అమ్మ ఇన్నేళ్ల పోరు గెలవని చోట ఆ ఒక్క వాక్యం గెలిచింది.

ఇక రాత్రి డ్యూటీ నర్సు గారి గురించి. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆమే. ఆపరేషను అయ్యాక వేలిని గంటకోసారి చూసేవారు. పెన్ను వెనక భాగంతో వేలి కొసను మెల్లగా ఒత్తి వదిలితే ఆ చోట తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. రెండో రాత్రి ఒకసారి చూసి, బాగానే ఉందని రాసుకుని వెళ్లారు. పావుగంట కాకముందే తిరిగి వచ్చారు. నేను కంగారుపడి ఏమైందని అడిగితే, "ఏమీ లేదమ్మా, ఎందుకో మళ్లీ చూడాలనిపించింది" అన్నారు. ఫోను లైటు వేసి చూశారు. గులాబీ రంగులో ఉండాల్సిన గోరు కింద నేరేడు రంగు పొడ కనిపిస్తోంది. ఒత్తి వదిలితే ఎరుపు రావడం ఆలస్యం కాలేదు, ఇంకా తొందరగా వస్తోంది. నేనైతే అది మంచి గుర్తనుకునేదాన్ని. వేలిలోకి రక్తం వెళ్తోంది గానీ తిరిగి రావడం లేదని, సిర మూసుకుపోతోందని దాని అర్థమట. ఆమె ఆ అర్ధరాత్రి సర్జన్‌ను నిద్ర లేపారు. మళ్లీ థియేటరుకు తీసుకెళ్లి సరిచేశారు. రాసుకున్న గంట ప్రకారమే వచ్చి ఉంటే వేలు నల్లబడిపోయేదని ఆయనే చెప్పారు. అమ్మా, మీరు ఆ మర్నాడు డ్యూటీ మారి వెళ్లిపోయారు. మీకు సరిగ్గా దండమైనా పెట్టలేకపోయాను.

కాశీబుగ్గ మెకానిక్ అన్నయ్య మిషను విప్పి మా ఆయనకు చూపించాడు. క్లచ్‌లో రెండు ముక్కలుంటాయి, వాటిని చిన్న స్ప్రింగు లోపలికి లాగి పట్టుకుంటుంది. రేజు ఇస్తే ఆ ముక్కలు విచ్చుకుని చుట్టూ ఉన్న డ్రమ్మును పట్టుకుంటాయి, అప్పుడే బ్లేడు తిరగాలి. మా మిషనులో ఆ స్ప్రింగు తెగి ఉంది. చిన్నవేలంత లేదు. ఇప్పుడు తన దగ్గరకు వచ్చే ప్రతి రైతు చేతా ఇంజను వేయించి, రేజు వదిలించి, బ్లేడు ఆగుతోందో లేదో చూపించి గానీ పంపడం లేదట. బ్లేడు ముట్టుకునే ముందు ఇంజను ఆపి, ప్లగ్ మీది క్యాపు పీకేయమంటున్నాడు. మిషను నడిచేటప్పుడు చుట్టూ 15 మీటర్లలో మనిషి ఉండకూడదని మిషనుతో వచ్చే పుస్తకంలోనే ఉంది, మాది కవరు కూడా విప్పలేదు. స్ప్రింగు కొత్తది వేసి, మజూరీ తీసుకోకుండా, పాత గార్డు ఎక్కడుందో వెతికి తెస్తేనే మిషను ఇస్తానని తన షాపులోనే ఉంచుకున్నాడు. గార్డు దొరికింది. నాన్న ఇంకా తెమ్మని అనలేదు.

ఆసుపత్రిలో రాత్రులు తోడున్న బాబాయిలకు, అన్నం పంపిన విజయనగరం స్నేహితులకు, తోటలో మిగిలిన వరసలు చెప్పకుండానే కత్తులతో శుభ్రం చేసి వెళ్లిన ఇరుగుపొరుగు వారికి మా ఇంటిల్లిపాది నమస్కారాలు. నాన్నకు ఆ వేలికి ఇంకా వేడీ చలువా తెలియడం లేదు. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట. అంతవరకు టీ గ్లాసు కుడిచేత్తోనే.

చివరగా ఒక పెద్దాయన కోసం. విశాఖ ఆసుపత్రి మందుల కౌంటరు దగ్గర నా కార్డు పనిచేయక నిలబడిపోతే వెనక వరసలోంచి వచ్చి బిల్లు కట్టేశారు. నా మాట విని "ఉద్దానం వాళ్లా? మాది కవిటి" అన్నారు. ఫోను నంబరు అడిగితే "ముందు మీ నాన్న సంగతి చూసుకో తల్లీ" అని వెళ్లిపోయారు. తెల్ల పంచె, నీలం గళ్ల కండువా, ఒక కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తారు. వెంట కాలికి కట్టుతో చిన్న మనవరాలు ఉంది. కవిటి, సోంపేట వైపు వారెవరైనా ఆయన్ను గుర్తుపడితే నాకు ఒక్క మాట చెప్పండి. ఆయనకు ఇవ్వాల్సిన డబ్బు, దానితో పాటు ఏప్రిల్లో మా తోట పిక్కల పప్పు, రెండూ నేనే తీసుకొచ్చి ఇస్తాను.