2024-25 వార్షిక నివేదిక: పిల్లల వేసవి ఇంటర్న్‌షిప్‌లు

సభ్యులందరికీ నమస్కారం. బోరు మోటారు, వాచ్‌మన్ జీతం లెక్కలు వెనక పేజీలో ఉన్నాయి. సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పటి సాయం లెక్కలు డిసెంబరు మీటింగులోనే చదివాం, మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది సంఘం కొత్తగా చేసిన పని ఒక్కటే, కాలేజీ పిల్లల ఇంటర్న్‌షిప్‌లు. అందుకని ఎక్కువ చోటు దానికే.

మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మొదటి ఏడాది సెలవుల్లో రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది సెలవుల్లో రెండు నెలలు ఏదైనా సంస్థలో పని, చివర్లో ఒక సెమిస్టర్. కానీ మా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది అడిగింది వేరు: "సెక్రటరీ గారూ, ఎక్కడైనా చెప్పి ఓ సర్టిఫికెట్ ఇప్పిస్తారా?" డబ్బు కడితే ఇచ్చేవాళ్లు ఉన్నారని అందరికీ తెలుసు. కమిటీ ఒప్పుకోలేదు. చోటు మేం చూపిస్తాం, వెళ్లి అడగాల్సింది పిల్లలే, నాన్నలు వెంట వెళ్లకూడదు అన్నాం. దీని మీద మాటలు కూడా పడ్డాం.

బీకాం చదివే అమ్మాయి ఒకరు ఆడిటర్ గారి ఆఫీసుకు మూడుసార్లు తిరిగింది. మూడోసారి ఆయన గుమ్మంలోనే "టాలీ వచ్చా?" అన్నారు. కంప్యూటర్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ అది. "కాలేజీలో చెప్పినంత వచ్చండీ, అసలు బిల్లులు ఎప్పుడూ చూడలేదు" అందట. ఆ జవాబు విన్నాకే చేర్చుకున్నానని ఆయన నాతో చెప్పారు. మే నెలలో ఒక హార్డ్‌వేర్ షాపు కొనుగోళ్లను జీఎస్‌టీఆర్-2బీతో, అంటే సరుకు అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే పట్టీతో, సరిచూస్తుంటే ఒక బిల్లు కలవలేదు. 20వ తేదీకల్లా 3బీ, అంటే నెలవారీ జీఎస్‌టీ రిటర్ను, వేయాలి. పొద్దుటి నుంచి వెతికితే మధ్యాహ్నానికి దొరికింది: సరుకు అమ్మినవాళ్లదని షాపువాళ్లు ఎక్కించిన 15 అక్షరాల జీఎస్‌టీ నంబరులో రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. ఆ పూట అన్నం తినలేదని వాళ్లమ్మ గారు నా మీద కేకలేశారు. అమ్మాయి మాత్రం ఆ బిల్లు సంగతి ఇప్పటికీ చెబుతూనే ఉంది.

మెకానికల్ చదివే అబ్బాయి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకు వెళ్లాడు. మొదటి వారం టేపు పట్టుకోవడమే పని. ఫ్రేముకు ముందు చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ పెట్టి, ఈ మూల నుంచి ఆ మూలకు రెండు వైపులా కొలిచి, రెండూ సమానంగా వస్తేనే పూర్తిగా అతకనిచ్చేవాడట మేస్త్రి. వెల్డింగ్ వేడికి ఇనుము వంకర పోతుందని పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్నవాడే, కళ్లారా చూసింది మాత్రం అక్కడే.

అన్నీ ఇలాగే జరగలేదు. ఒక ఆఫీసులో మన పిల్లాడితో రెండు నెలలూ జిరాక్సులు తీయించి, టీలు తెప్పించి పంపారు. పేరు రాయను. ఈసారి మా జాబితాలో ఆ ఆఫీసు లేదు.

2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గురించి చాలామంది అడిగారు. నెలకు 5,000 రూపాయలు అనగానే ఆశ పుట్టడం సహజమే. 2024-25లో ఉన్న నిబంధనల ప్రకారం అది ఏడాది పాటు చేయాల్సింది, 21 నుంచి 24 ఏళ్ల మధ్యవాళ్లకు, అదీ రెగ్యులర్ చదువులో లేనివాళ్లకు. అందుకే మన కాలేజీ పిల్లల సెలవులకు పనికిరాలేదు.

ఈ వేసవికి పేర్లు ఏప్రిల్ 20లోపు ఇవ్వండి. సెలవులిచ్చాక వస్తే చోట్లుండవు. ఆడిటర్ గారు ఈసారి ఇద్దరిని తీసుకుంటానన్నారు. ఒకరికి బండి నడపడం రావాలట.

కార్యదర్శి