రాష్ట్రపతి వస్తున్నారు, పాసులు మాత్రం నా దగ్గర లేవు

తల్లిదండ్రులకు నమస్కారం.

మన ప్రాంగణంలోనే ఉన్న డిగ్రీ కళాశాల స్వర్ణోత్సవానికి రావడానికి రాష్ట్రపతి అంగీకరించారు. మంగళవారం లేఖ అందింది. బుధవారం తెల్లవారకముందే నా ఫోను మోగడం మొదలైంది. అందుకే ముందుగా ఈ మాట: నా దగ్గర ఒక్క పాసు కూడా లేదు. నాకే ఇంకా రావాలి.

శీతకాల విడిదికి రాష్ట్రపతులు బొల్లారం రావడం పాత ఆనవాయితీ కాబట్టి ఇలాంటి ఆహ్వానాలకు మన నగరంలో కాస్త ఆశ ఉంటుంది. 2017 ఏప్రిల్‌లో ఉస్మానియా శతాబ్ది ఉత్సవాలను ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు. 2023 డిసెంబరులో బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ శతాబ్ది వేడుకకు ద్రౌపదీ ముర్ము వెళ్ళారు. ఆ నూరేళ్ళ సంస్థల ముందు మన కళాశాల యాభై ఏళ్ళ పసిబిడ్డ. ఆహ్వానం పంపుతున్నప్పుడు నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను.

మన పాఠశాల నుంచి తొమ్మిదో తరగతి పిల్లలు నలభై మంది జాతీయగీతం పాడతారు. రాష్ట్రపతి రాగానే ఒకసారి, వెళ్ళే ముందు మరోసారి. గీతం నిడివి 52 సెకన్లు. మొదటి రోజు మనవాళ్ళు నిమిషం దాటించారు. సంగీతం టీచరు గడియారం చేతిలోంచి దించడం లేదు.

దారి పొడవునా జెండాలతో పిల్లలను నిలబెడదామన్న సూచన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. నా చిన్నతనంలో ఒక మంత్రిగారి కోసం మమ్మల్ని మూడు గంటలు ఎండలో నిలబెట్టారు. ఆయన కారు అద్దం కూడా దించలేదు. ఆయన పేరు మరిచిపోయాను, కాళ్ళ నొప్పి మరిచిపోలేదు. వేడుక రోజు ఐదో తరగతి వరకు సెలవు. మిగతావాళ్ళ బస్సులు గంట ముందే బయలుదేరతాయి, కాన్వాయ్ కోసం రోడ్డు ఆపేస్తే ఎవరమూ కదలలేం.

పాడే పిల్లల ఫొటో, ఆధార్ నకలు సోమవారంలోగా క్లాస్ టీచరుకు ఇవ్వండి. సంచి, ఫోను, నీళ్ళ సీసా వద్దు. మంచినీళ్ళు లోపల మేమే ఇస్తాం.

అన్నట్టు, మూడేళ్ళుగా మొరపెట్టుకుంటున్న గేటు ముందు గుంతను నిన్న రాత్రికి రాత్రే పూడ్చేశారు.

వేడుక చూడలేకపోయామని చిన్నబుచ్చుకున్న ఆరు, ఏడు తరగతుల పిల్లలను విడిది ముగిశాక బొల్లారంలోని రాష్ట్రపతి నిలయానికి తీసుకువెళ్తాం. 1860లో కట్టిన ఆ భవనం, 90 ఎకరాల ఆవరణ 2023 నుంచి విడిది లేని రోజుల్లో సందర్శకులకు తెరిచే ఉంటున్నాయి. అనుమతి పత్రం ఈ లేఖతో జతచేశాం, సంతకం చేసి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు